పాత అపరాధ చిత్రములు – గుంపు తీర్పు

శ్రోతలారా,

ఈ సాయంకాలము నేను ముచ్చటింపబోవు విషయమును వినగానే మీలో కొందరు పెద్దలు నవ్వుకొనవచ్చును. హత్యలు, దోపిడులు, పోలీసుల పరుగులు గల పాత చలనచిత్రములను గూర్చి ఒక ప్రసంగమా? అవి కుర్రవాండ్ర కాలక్షేపమునకు గదా, రచ్చబండమీద కూర్చుండి ఊరి మంచిచెడ్డలు విచారించు మాకేల యని మీరడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. నేనును చాలకాలము అట్లే తలంచితిని. అపరాధ పరిశోధక నవలలను పాఠ్యపుస్తకముల నడుమ దాచికొని చదివి, పట్టుబడి, చెవి మెలిపెట్టించుకొన్నవారిలో నేనొకడను. ఆ కథలలో దొంగ ఎవరో తెలిసిన పిదప మరల ఆ పుస్తకము మొగము చూచెడివారము కాము. తిన్న విస్తరిని ఎవరు దాచుకొందురు?

ఐనను ఒక వింత కలదు. ఈ జాతి చిత్రములలో కొన్నింటిని ఎనుబది, తొంబది ఏండ్లు గడచినను లోకము విడువలేదు. హంతకుడెవ్వడో మొదటనే తెలియును, ముగింపు తెలియును, రంగులు లేవు, నటులు గతించిరి. అయినను చూచువాడు కదలక కూర్చుండును. దీనికి కారణమేమని నేను చాలనాళ్లు యోచించితిని. నాకు తోచినది ఇది: ఆ చిత్రములలో మేలైనవి నేరస్థుని పట్టించుటతో తృప్తి పడవు. చూచువానిని తీర్పరిగా కూర్చుండబెట్టును, వానిచేత తొందరపాటు తీర్పు చెప్పించును, పిమ్మట వానివైపు తిరిగి, “అయ్యా, నీవు ఏమి ఎరిగి ఈ తీర్పు చెప్పితివి?” అని అడుగును. ఊరిలో తగవులు తీర్చువారికి ఇంతకన్న దగ్గరి ప్రశ్న మరియొకటి లేదు. మూడు చిత్రములతో ఈ సంగతి మనవిచేసెదను. తరువాత నా చిన్ననాటి తప్పు ఒకటి చెప్పుకొందును.

మొదటిది జర్మను చిత్రము. దాని పేరు ఒకే ఒక అక్షరము, “ఎమ్”. జర్మను భాషలో హంతకునకు గల మాటలో అది మొదటి అక్షరము. 1931 మే నెలలో బెర్లిను నగరమున అది మొట్టమొదట ప్రదర్శింపబడెను. తీసినవాడు ఫ్రిట్జ్ లాంగ్. ఇతడు 1890లో వియన్నాలో జన్మించెను. మూకీ చిత్రముల కాలముననే గొప్ప పేరు గడించెను. ఇది అతని మొదటి టాకీ. అతని భార్య థేయా ఫాన్ హార్బౌ కథారచనలో పాలుపంచుకొనెను.

ఆ దేశకాలములను ఒక్కింత తెలిసికొననిదే చిత్రము బోధపడదు. 1914–18 యుద్ధములో ఓడిన జర్మనీ, 1929లో వచ్చిన ఆర్థిక మాంద్యముతో మరల క్రుంగిపోయెను. 1932 ప్రారంభమునకు అచట పనిలేనివారి లెక్క 60 లక్షలు దాటెను. ఇట్టి దినములలో డ్యూసెల్‌డార్ఫ్ నగరమున ఒకడు వరుసగా హత్యలు చేయుచు జనులను గడగడలాడించెను. వానిని 1930 మే నెలలో పట్టుకొనిరి. 1931 జూలైలో శిరచ్ఛేదము చేసిరి. అనగా ఆ శిక్షకు రెండు మాసములు ముందుగా ఈ చిత్రము వచ్చెనన్నమాట. ఆకలిగొన్న దేశము, భయపడిన దేశము. ఎవరినో ఒకరిని పట్టుకొని కసి తీర్చుకొనవలెనని చూచుచున్న దేశము. చిత్రము పుట్టినది ఆ గాలిలోనే.

కథలో ఒక నగరమున చిన్నపిల్లలు మాయమగుచుందురు. ఎల్సీ యను బాలిక బడినుండి ఇంటికి వచ్చుచు బంతి ఆడుకొనుచుండును. ఆమె బంతి ఒక ప్రకటన కాగితమునకు తగులును. హంతకుని పట్టించినవారికి 10,000 మార్కుల బహుమానమని ఆ కాగితము. దానిమీద ఒక పురుషుని నీడ పడును. అంతే, మనకు వాని మొగము కనబడదు. ఇంటివద్ద తల్లి అన్నము వడ్డించి యెదురుచూచుచుండును. గడియారము మ్రోగును, పిల్ల రాదు. తల్లి మెట్లమీదికి పోయి పేరుపెట్టి పిలుచును. ఆ పిలుపు వినబడుచుండగా మనకు వరుసగా కనబడునవి ఖాళీ మెట్లు, ఖాళీ అటక, ఎవ్వరును కూర్చుండని కుర్చీ యెదుట పళ్లెము, గడ్డిలో దొర్లి ఆగిన బంతి, తంతితీగలకు చిక్కుకొన్న గాలిబుడగ. హత్య చూపలేదు, రక్తపు చుక్క చూపలేదు. అయినను ఆ బంతి ఆగినపుడు నా గుండె ఆగినట్లయ్యెను. ఈ చిత్రమును నేను నగరములో ఒక చలనచిత్ర సంఘమువారు ప్రదర్శింపగా చూచితిని. నా ప్రక్కన కూర్చున్న ముదుసలి తన ఉత్తరీయముతో కన్నులు ఒత్తుకొనెను. చూపనిదానిని చూచువాడు తన యింటి బిడ్డను తలంచుకొని పూరించుకొనును. పాతవారికి ఈ రహస్యము తెలియును.

టాకీ క్రొత్తగా వచ్చిన కాలమున పలువురు తమ చిత్రములను పాటలతోను వాద్యములతోను నింపివేసిరి. ఈ చిత్రములో నేపథ్య సంగీతమే లేదు. ఉన్నదెల్ల హంతకుడు వేయు ఈల. నార్వే దేశపు సంగీతకర్త గ్రీగ్ కట్టిన ఒక బాణీని వాడు పిల్లలను చూచినపుడెల్ల ఈలవేయును. వానిని తుదకు గుర్తుపట్టినది చూపుగలవాడు కాడు. గాలిబుడగలు అమ్ముకొను ఒక గ్రుడ్డివాడు ఆ ఈలను విని గుర్తుపట్టును. ఒకడు అరచేతిలో సుద్దతో “ఎమ్” అను అక్షరము వ్రాసికొని, హంతకుని వీపుపై తట్టి, ఆ గుర్తు వాని అంగీమీద అంటించును.

ఇంతవరకు ఇది చక్కని పరిశోధక కథ. దీని పట్టు ఇంకను లోపల నున్నది. హంతకుడు దొరకక ముందు ఊరివారు ఏమైరో చూడుడు. ఒకే బల్లవద్ద కూర్చున్న మిత్రులు ఒకరినొకరు అనుమానించి తిట్టుకొందురు. వీధిలో ఒక పెద్దమనిషిని చిన్నపిల్ల వేళ ఎంతయైనదని అడుగును. అతడు వంగి బదులు చెప్పును. అంతలో ఒకడు వచ్చి, ఆ పిల్లతో నీకేమి పని యని నిలదీయును. జనము మూగును, ఆ నిరపరాధిపై మీద పడుదురు. ఇట్లు ఒక హంతకుని భయముచేత ఊరంతయు హంతకుని మనస్సు తెచ్చుకొనును.

పోలీసులు రేయింబవళ్లు సోదాలు చేయగా దొంగల ముఠాల వ్యాపారము చెడును. కావున దొంగలే సభచేసి, బిచ్చగాండ్రను వీధివీధిని కాపలా పెట్టి, హంతకుని పట్టుకొందురు. పాడుపడిన సారాయి కర్మాగారపు నేలమాళిగలో వానికి విచారణ జరుపుదురు. న్యాయాధిపతులు దొంగలు, నాయకుడు తానే పలు హత్యలు చేసినవాడు. అచ్చట హంతకుని వేషము ధరించిన పీటర్ లోరీ యను నటుడు మోకాళ్లపై పడి ఒప్పుకొనిన తీరు చూచినవారు మరవలేరు. తనలో ఏదో తన్ను తరుముచున్నదనియు, తాను తప్పించుకొన జాలననియు, చేసినది తనకే తెలియదనియు వాడు మొరపెట్టును. మీరు కోరి దొంగలైతిరి, నేను కోరి ఇట్లు కాలేదు అని వాడనగా సభ ఒక్క నిమిషము నిశ్శబ్దమగును. వాని పక్షమున వాదింప నియమింపబడినవాడు, రోగిని వైద్యునికి అప్పగింపవలెను గాని తలారికి కాదని వాదించును. జనము నవ్వును, చంపుడని కేకలు వేయుచు మీదికి ఉరుకును. అప్పుడే పోలీసులు వత్తురు.

నేను ఏమి చేసితినో చెప్పెదను. బంతి ఆగిననాటినుండి నేను వాని చావునే కోరుచుంటిని. ఆ నేలమాళిగలో దొంగలు “చంపుడు” అని అరచినపుడు నాలోనుండియు ఆ కేకయే బయలుదేరెను. ఆ క్షణమున నేను ఏ గుంపులో కూర్చుంటినో చూచుకొని సిగ్గుపడితిని. లాంగ్ కోరినది అదియే. వాడు నిరపరాధి యని అతడు చెప్పలేదు. వాని నేరము ఘోరమే. తీర్పు చెప్పు అధికారము ఎవరికి కలదనునదే అతని ప్రశ్న. కడపట నిజమైన న్యాయాధిపతులు ఆసనములపై కూర్చుందురు. వారి తీర్పు మనకు వినిపింపడు. దాని బదులు బిడ్డలు పోయిన తల్లులు కనబడుదురు. ఈ శిక్షవలన మా బిడ్డలు తిరిగి రారు, బిడ్డలను కాచుకొనవలెను అని ఒక తల్లి చెప్పును.

రెండేండ్లు గడవకముందే, 1933 జనవరి 30న హిట్లరు ఆ దేశమునకు ప్రధానమంత్రియయ్యెను. గుంపు కేక ప్రభుత్వపు గొంతు అయ్యెను. లాంగ్ ఆ యేడే దేశము విడిచెను. యూదుడైన లోరీయు విడిచెను. 1934లో “ఎమ్” చిత్రము నిషేధింపబడెను. 1940లో నాజీలు యూదులపై ద్వేషము పుట్టించుటకు తీసిన ఒక ప్రచార చిత్రములో లోరీ మోకాళ్లపై పడి ఏడ్చిన ఆ ఘట్టమునే కత్తిరించి చేర్చుకొనిరి. గుంపును హెచ్చరించుటకు తీసిన బొమ్మ గుంపును రెచ్చగొట్టుటకు వాడబడెను. చరిత్రలో ఇట్టి అపహాస్యము అరుదు.

లాంగ్ అమెరికా చేరి అచట మొదట తీసిన చిత్రము “ఫ్యూరీ”, అనగా మహాక్రోధము. ఇది 1936 నాటిది. దీనికి వెనుక ఒక నిజమైన ఘటన కలదు. 1933 నవంబరులో కాలిఫోర్నియాలోని సాన్ హోజే పట్టణమున, ఒక యువకుని అపహరించి చంపిరని పట్టుబడిన ఇద్దరిని జనము చెరసాల బ్రద్దలుకొట్టి యీడ్చుకొనిపోయి చెట్లకు ఉరివేసెను. ఆ రాష్ట్రపు గవర్నరే ఆ పనిని మెచ్చుకొనెను.

చిత్రములో జో అను పనివాడు, తాను పెండ్లాడబోవు పిల్లను చూడ కారులో పోవుచు ఒక చిన్న ఊరిలో పట్టుబడును. సాక్ష్యమేమి? వాని జేబులో ఉప్పు వేరుసెనగ పప్పులుండెను. పిల్లను ఎత్తుకొనిపోయినవారి జాబులోను ఆ పప్పు పొడి దొరకెను. మరియు వానివద్దనున్న 5 డాలర్ల నోటు అపహర్తల కిచ్చిన నోట్లలో ఒకటి. ఇంతమాత్రమున వాడే దొంగ యని ఒకడు మంగలి కొట్టులో ననును, ఆ మాట పెరళ్లలోను కొట్లలోను ప్రాకును, ప్రాకినకొలది పెరుగును. ముచ్చటలాడుకొను ఆడువారిని చూపి, వెంటనే కొక్కొరించు కోళ్లను చూపును దర్శకుడు. మగవారిని ఏ జంతువుతో పోల్చలేదని మన గృహిణులు అడుగవచ్చును. సాయంకాలమునకు గుంపు చెరసాలకు నిప్పంటించును. నిజమైన దొంగలు వేరుచోట దొరకుదురు.

జో చనిపోయెనని అందరును నమ్ముదురు. వాడు బ్రతికి బయటపడి దాగికొనును. తన్ను చంపిన నేరమునకు 22 మంది ఊరివారు ఉరికంబ మెక్కవలెనని వాని పట్టుదల. న్యాయస్థానములో ఆ ఊరివారందరు, మేమక్కడ లేము, మేమేమియు ఎరుగము అని ఒకరి నొకరు కాపాడుకొందురు. అప్పుడు వార్తాచిత్రమువారు ఆ రాత్రి తీసిన బొమ్మను తెరమీద ఆడింతురు. పెద్దమనుష్యులు, ఇల్లాండ్రు, పండ్లికిలించుచు, దివిటీలు విసరుచు తమ్ముతామే చూచుకొందురు. ఒక స్త్రీ మూర్ఛపోవును. గుంపులో మొగము ఉండదని మనము ధైర్యపడుదుము గదా! ఆ బొమ్మ ఒక్కొక్కరి మొగమును వారికి తిరిగి యిచ్చును. కడపట జో తానే సభకు వచ్చి నిలుచును. ఆ ఊరివారిమీద జాలిచే రాలేదనియు, న్యాయముమీద తనకుండిన నమ్మకము ఆ మంటలో కాలిపోయినదనియు చెప్పును. పగ తీర్చుకొనుటలో తానును ఒక గుంపు అయితినని తెలిసికొని వచ్చినాడు.

ఈ చిత్రమునకు ఒక లోపము కలదు. అమెరికాలో టస్కెగీ విద్యాసంస్థ లెక్కప్రకారము 1882 నుండి 1968 వరకు గుంపులచేత చంపబడినవారు 4,743 మంది. వారిలో 3,446 మంది నల్లజాతివారు. చిత్రములో బాధితుడు తెల్లవాడు. అసలు గాయమును చూపు ధైర్యము ఆనాటి చిత్రపరిశ్రమకు లేకపోయెను. గుంపుహత్యను ప్రత్యేక నేరముగా పేర్కొను కేంద్రశాసనము ఆ దేశములో 2022 మార్చిలో గాని రాలేదు.

మూడవది 1956లో వచ్చిన “ది రాంగ్ మాన్”, అనగా పొరపాటున పట్టుబడినవాడు. దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్. ఇది 1953లో న్యూయార్కున జరిగిన యథార్థగాథ. మేనీ బాలెస్ట్రెరో ఒక విలాసశాలలో వాద్యము వాయించి బ్రతుకు సాధువు. భార్యకు పంటివైద్యము చేయింప 300 డాలర్లు కావలసి, ఆమె బీమాపత్రముపై అప్పు దొరకునేమో యని బీమా కచేరికి పోవును. ఆ కచేరిని అంతకుముందు ఒకడు దోచియుండెను. అచ్చటి గుమాస్తా స్త్రీలు ఇతని చూచి వణకి, వాడే వీడనిరి. పోలీసులు దొంగ చీటీలోని మాటలను ఇతనిచేత వ్రాయింపగా, దొంగ చేసిన అక్షరదోషమే ఇతడును చేసెను. వరుసలో నిలువబెట్టి అడుగగా స్త్రీలు వేలు చూపిరి.

ఇందులో గుంపు లేదు, దివిటీలు లేవు. అందరును మర్యాదస్థులే. పోలీసులు కొట్టలేదు, తిట్టలేదు. స్త్రీలు అబద్ధమాడలేదు, తాము నిజమే చెప్పుచున్నామని వారు మనసార నమ్మిరి. ఈ మర్యాదయే నన్ను భయపెట్టెను. విచారణ నడుమ జూరీలోని ఒకడు లేచి, ఇదంతయు వినుట అవసరమా యనును. దానితో ఆ విచారణ రద్దగును. కొంతకాలమునకు అసలు దొంగ ఒక దుకాణములో పట్టుబడును. ఆ స్త్రీలే వచ్చి, మరల అంత ధైర్యముగానే వానివైపు వేలు చూపుదురు. తిరిగిపోవుచు మేనీని ఎదుర్కొని తలలు వంచుకొందురు. మేనీ విడుదలయ్యెను, కాని తన పంటికొరకే భర్తకు ఈ గతి పట్టెనని కుమిలి భార్య మతి చలించెను. న్యాయస్థానము మేనీని విడువగలిగెను. పోయిన సంసారశాంతిని తిరిగి ఈయలేకపోయెను.

ఈ చిత్రమును చూచిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఏలయన వేలు చూపినవారిలో నేనొకడను.

అప్పుడు నాకు పదియేండ్లు. మా ఊరికి ఏటేట సంక్రాంతికి ముందు ఒక కళాయివాడు వచ్చి, చింతచెట్టు క్రింద తిత్తి పెట్టుకొని, ఇంటింటి ఇత్తడి గిన్నెలకు కళాయి వేసి పోయెడివాడు. ఆ యేడు ఒక ఇంటిలో వెండిచెంబు కనబడలేదు. పరదేశి వాడొక్కడే. పెద్దలు మూగిరి. ఆ యింటి యజమాని నన్ను పిలిచి, “ఒరే, నిన్న మధ్యాహ్నము వీడు మా గుమ్మములో నుండగా చూచితివి గదా?” అనెను. నేను వానిని వీధిలో చూచితిని, గుమ్మములో చూడలేదు. అయినను అంతమంది పెద్దలు నా మొగమువైపు చూచుచుండగా, వారు కోరు మాట నా నోటనున్నదని నాకు తెలిసెను. “చూచితిని” అంటిని. ఒకడు నా వీపు తట్టి తెలివిగలవాడవురా అనెను. కళాయివానిని ఆ చెట్టుకే కట్టివేసి కొట్టిరి. వాని తిత్తిని కోసివేసిరి. మూడవనాడు గాదెలోనుండి వడ్లు తీయుచుండగా వెండిచెంబు బయటపడెను. అప్పటికి వాడు ఊరు విడిచిపోయెను. ఎవరును ఆ మాట యెత్తలేదు. మరుసటి సంక్రాంతికి వాడు రాలేదు, తరువాతను రాలేదు. ఆ చెట్టుక్రింది బొగ్గుమసి వాన పడువరకు అట్లే యుండెను.

ఇది వెనుకటి సంగతి, ఇప్పుడట్లు జరుగదు అని మీరందురేమో. 2018 మే నెలలో మన తెలంగాణములోను ఆంధ్రప్రదేశములోను, పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు దిగినవని వాట్సాప్‌లో పుకార్లు ప్రాకినవి. ఊళ్లలో యువకులు కర్రలు పట్టి కాపలా కాచిరి. భాష తెలియనివారిని, మతిచలించినవారిని, బిచ్చగాండ్రను పట్టి కొట్టిరి, ప్రాణములు పోయినవి. ఆ యేడే జూలై 1న మహారాష్ట్రములో ధూళే జిల్లా రాయిన్‌పాడ గ్రామమున, బిచ్చమెత్తుకొని బ్రతుకు సంచారజాతివారు ఐదుగురిని జనము కొట్టి చంపెను. సంతలో ఒక పిల్లతో మాటలాడుటయే వారిలో ఒకని తప్పిదమని వార్తలు వచ్చెను. బెర్లినులో 1931లో తీసిన బొమ్మలోని ఆ పెద్దమనిషి, పిల్లకు వేళ చెప్పినవాడు, మీకు జ్ఞప్తికి వచ్చుచున్నాడు గదా? అదే నెల 17న మన సర్వోన్నత న్యాయస్థానము గుంపుహత్యలను తీవ్రముగా ఖండించి, వానిని అరికట్టుటకు ప్రభుత్వములకు ఉత్తరువు లిచ్చెను.

కావున పాత అపరాధ చిత్రములు నేటికిని పట్టు విడువకుండుటకు కారణము వేరుచోట వెదుకనక్కరలేదు. వానిలోని దుస్తులు పాతబడెను, కారులు పాతబడెను. గుంపులో నిలుచుటయందలి సుఖము పాతబడలేదు. ఆ సుఖము నేనెరుగుదును. నా వీపు తట్టిన చేయి ఎంత వెచ్చగా నుండెనో నాకు ఇప్పటికిని తెలియును.

పెద్దలారా, మీ ఊరిలో దొంగ దొరకెనని కేక వినబడినపుడు జనము ముందు మీ మొగమువైపే చూచును. అప్పుడు మూడు మాటలు అడుగుడు: చూచినవాడెవడు? ఎక్కడ చూచెను? చూచినదేమి? ఆ పిదప పోలీసులకు కబురంపుడు. ఆనాడు ఆ చింతచెట్టు క్రింద ఒక్క పెద్ద నన్ను ప్రక్కకు పిలిచి, “నాయనా, గుమ్మములో చూచితివా, వీధిలో చూచితివా?” అని అడిగి యుండినచో నేను నిజము చెప్పియుందును. ఎవ్వరును అడుగలేదు.

సెలవు.